వాదపత్రాల సవరణ – ఉద్యోగ వివాదాలు: ఒక చారిత్రక పరిశీలన

న్యాయస్థానం ఏ వివాదాన్ని తేల్చాలో ఇరుపక్షాల వాదపత్రాలే నిర్ణయిస్తాయి. వాటిలో ప్రస్తావించని అంశంపై ఎంత సాక్ష్యం చూపినా సాధారణంగా ఫలితం ఉండదు. కాబట్టి వాదపత్రాన్ని సవరించుకునే హక్కు ఎవరికి, ఎప్పటివరకు ఉంటుందన్నది ఉద్యోగం కోల్పోయిన కార్మికునికి బతుకుతెరువు ప్రశ్న.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6, రూల్ 17 ఈ విషయంలో ఉదారంగా ఉండేది. అసలు వివాదం తేలడానికి అవసరమైన సవరణను ఏ దశలోనైనా అనుమతించవచ్చునని అది చెప్పింది. జాప్యానికి ఇది దారి తీస్తోందన్న విమర్శతో 1999 సవరణ చట్టం ఈ నియమాన్ని తొలగించదలచింది. న్యాయవాదుల వ్యతిరేకత నడుమ 2002లో అది ఒక షరతుతో నిలిచింది. తగిన శ్రద్ధ వహించినా ముందుగా లేవనెత్తలేకపోయిన అంశమైతే తప్ప, విచారణ మొదలయ్యాక సవరణ కుదరదన్నదే ఆ షరతు.

కార్మిక న్యాయస్థానాల చరిత్ర వేరు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 11 వాటికి తమ విచారణ పద్ధతిని తామే రూపొందించుకునే వెసులుబాటు ఇచ్చింది. ఆ వెసులుబాటుకు సెక్షన్ 10 హద్దు గీసింది. ప్రభుత్వం పంపిన రెఫరెన్సులోని అంశాలకు, వాటి అనుబంధ విషయాలకు మాత్రమే తీర్పు పరిమితం కావలసి ఉండేది. కార్మికుడు తన క్లెయిమును ఎంత సవరించుకున్నా ఆ పరిధిని దాటలేకపోయేవాడు. ప్రశ్నే సరిగా లేకపోతే దాన్ని మార్చమని మళ్ళీ ప్రభుత్వాన్నే ఆశ్రయించవలసి వచ్చేది. 1965లో చేర్చిన సెక్షన్ 2-ఎ సంఘం అండ లేని వ్యక్తి తొలగింపును కూడా పారిశ్రామిక వివాదంగా గుర్తించింది. అయినా రెఫరెన్సు మెట్టు అలాగే ఉండిపోయింది.

ఆంధ్రప్రదేశ్ 1987లో తెచ్చిన రాష్ట్ర సవరణ ఈ మెట్టును తొలగించింది. తొలగింపునకు గురైన కార్మికుడు నేరుగా లేబర్ కోర్టులో దరఖాస్తు చేసుకునే వీలు కలిగింది. వివాదాన్ని మొదట అక్షరబద్ధం చేసే అవకాశం ప్రభుత్వ ఉత్తర్వు నుండి కార్మికుని చేతికి వచ్చింది. రెండు దశాబ్దాలకు పైగా గడిచాక, 2010లో, కేంద్ర చట్టం కూడా ఈ బాట పట్టింది. రాజీ అధికారిని ఆశ్రయించి 45 రోజులు గడవాలనీ, తొలగించిన మూడేళ్ళలోపు కోర్టుకు రావాలనీ అది నిబంధనలు పెట్టింది.

యాజమాన్యాల విషయంలో న్యాయస్థానాలు మరింత కచ్చితంగా వ్యవహరించాయి. సంస్థ జరిపిన శాఖాపర విచారణ చెల్లకపోతే, ఆరోపణను కోర్టులోనే రుజువు చేసుకునే అవకాశం యాజమాన్యానికి ఉంది. అయితే ఆ కోరికను తొలి జవాబు పత్రంలోనే తెలపాలని శంభునాథ్ గోయల్ కేసులో 1983లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. 2001లో లక్ష్మీదేవమ్మ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సూత్రాన్ని నిలబెట్టింది. ఓటమి ఎదురయ్యాక కొత్త కోరిక తెస్తే కేసు ఏళ్ళ తరబడి సాగుతుంది. ఆ కాలమంతా జీతం లేకుండా గడిపేది కార్మికుడే.

ఈ పరిణామాలను కలిపి చూస్తే సవరణ నియమం కేవలం విచారణ సాంకేతికత కాదని తెలుస్తుంది. జాప్యం భారం ఎవరిపై పడుతుందో గమనించి గడువు విధించినప్పుడే ఆ నియమం న్యాయానికి తోడ్పడింది. బలవంతునికి, బలహీనునికి ఒకే గడువు పెట్టడం సమానత్వంగా కనిపించవచ్చు. కానీ తన కేసును తానే చెప్పుకునే హక్కు కార్మికునికి 1987 వరకు సంపూర్ణంగా లేదన్న వాస్తవాన్ని విస్మరించి ఆ సమానత్వాన్ని అంచనా వేయలేము.