రెడిస్ జాబితా

డేటాను డిస్కులో కాక మెమరీలోనే ఉంచి నడిపే డేటాబేస్‌లలో రెడిస్ ప్రసిద్ధమైనది. విలువలను చేర్చిన వరుసలోనే దాచే దాని నిర్మాణం జాబితా. రెండు కొసల్లో ఎటునుంచైనా విలువను చేర్చవచ్చు, తీయవచ్చు. జాబితా ఎంత పొడవున్నా ఆ పనికి పట్టే సమయం పెరగదు.

చరిత్ర

రెడిస్ జాబితాకు ఆధారమైన లంకె జాబితాలను 1955–56 ప్రాంతంలో అలెన్ న్యూవెల్, క్లిఫ్ షా, హెర్బర్ట్ సైమన్ రూపొందించారు. ఇటలీకి చెందిన సాల్వతోరే సాన్‌ఫిలిప్పో 2009లో రెడిస్‌ను విడుదల చేశారు. వెబ్‌సైట్ల సందర్శనలను అప్పటికప్పుడు చూపే తన సేవలో ఒక్కో సైటుకు చివరి కొన్ని సందర్శనలను మాత్రమే నిలపాల్సి రావడం దాని పుట్టుకకు కారణం. అదే ఏడాది గిట్‌హబ్ తన నేపథ్య పనులను రెడిస్ జాబితాల్లో వరుసపెట్టే రెస్క్యూ అనే సాధనాన్ని వెలువరించింది.

2016లో వచ్చిన 3.2 వెర్షన్‌తో జాబితా లోపలి అమరిక మారింది. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో భక్తులను కంపార్ట్‌మెంట్ల వారీగా ఉంచినట్టు, క్విక్‌లిస్ట్ అనే ఈ కొత్త అమరిక విలువలను గుంపులుగా సర్ది, ఆ గుంపులను గొలుసుగా కలుపుతుంది. ఒక్కో విలువకూ విడిగా లంకెలు అక్కర్లేదు కనుక మెమరీ ఆదా అవుతుంది.

ఉపయోగాలు

పనుల క్యూ: టికెట్ ఖరారయ్యాక పంపాల్సిన ఎస్సెమ్మెస్‌ను ఎల్‌పుష్ ఆదేశం ఒక కొసన చేరుస్తుంది, పంపే ప్రోగ్రామ్ బీఆర్‌పాప్ ఆదేశంతో రెండో కొస నుంచి తీసుకుంటుంది. క్యూ ఖాళీగా ఉంటే పని వచ్చేదాకా ఆగుతుంది. తీసుకున్నాక ప్రోగ్రామ్ కూలిపోతే ఆ ఎస్సెమ్మెస్ పోయినట్టే. అందుకే ముఖ్యమైన పనులను ఎల్‌మూవ్‌తో ఒకే అడుగులో మరో జాబితాలోకి మార్చి, పని పూర్తయ్యాకే చెరిపేస్తారు.

తాజా సమాచారం: కొత్త విలువను ఎల్‌పుష్‌తో చేర్చిన వెంటనే ఎల్‌ట్రిమ్‌తో 0 నుంచి 99 వరకు స్థానాలనే నిలిపితే, ఎప్పుడూ చివరి 100 మాత్రమే ఉంటాయి. ట్విట్టర్ ఒక్కో వినియోగదారు టైమ్‌లైన్‌లో సుమారు 800 ట్వీట్ల గుర్తింపు సంఖ్యలను ఇలాగే ఉంచేది.

పరిమితులు

జాబితా బలమంతా కొసల్లోనే; మధ్యలో వెతకాలంటే వరుసగా చూసుకుంటూ పోవాలి. తిరుమల తిరుపతి దేవస్థానం దర్శన టికెట్ల కోటా విడుదల చేసినప్పుడు వెబ్‌సైట్ భక్తులను వర్చువల్ క్యూలో ఉంచుతుంది. అలాంటి చోట లక్షల మందిలో ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే: నా ముందు ఎందరున్నారు? ఆ ప్రశ్నకు జాబితా కన్నా, స్థానాన్ని త్వరగా చెప్పే మరో రెడిస్ నిర్మాణం సార్టెడ్ సెట్ మేలు. ముందొచ్చినవారిని ముందు పంపడమే పనైతే జాబితా చాలు.