ఎగిరిన పిల్ల దిగేటప్పుడు

1895లో అమెరికాలోని హోలియోక్ పట్టణంలో వై.ఎం.సి.ఎ. వ్యాయామ శిక్షకుడు విలియం మోర్గాన్ వాలీబాల్‌ను తయారు చేసింది బాస్కెట్‌బాల్ ధాటికి తట్టుకోలేని నడివయసు వాళ్ల కోసం. మధ్యలో వల ఉంటుంది, ఒకరినొకరు గుద్దుకోరు, కాబట్టి దెబ్బలు తగలవన్న నమ్మకం ఆటతోపాటే పుట్టింది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో మహిళల వాలీబాల్‌కు మొదటిసారి చోటు దక్కినప్పుడు స్వర్ణం గెలిచింది జపాన్ జట్టు. అందులో ఎక్కువమంది ఒక బట్టల మిల్లు కార్మికులే. కోచ్ దైమత్సు వాళ్లకు నేర్పిన గొప్ప విద్య పడడం. బంతి కోసం నేల మీదికి దూకి, దొర్లి, వెంటనే లేచి నిలబడే రోలింగ్ రిసీవ్ అది. పడడానికీ ఒక పద్ధతి ఉంటుందని, పదేపదే చేయించి దాన్ని ఒంటికి పట్టించాలని ఆ జట్టు చూపించింది. కానీ స్మాష్ కొట్టి, బ్లాక్‌కు లేచి, మళ్లీ నేలకు దిగే పిల్లకు దిగడం నేర్పాలని గుర్తించడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. ఆ నేర్పు ఆసుపత్రికి చెందిందని మనవాళ్లు ఇప్పటికీ అనుకుంటారు. నా లెక్కలో అది డ్రిల్లు పీరియడుకు చెందింది. చరిత్రలో జారిపోయింది అక్కడే, ఆసిఫాబాద్ లాంటి ఊళ్లో తిరిగి రావలసిందీ అక్కడికే.

ఇలా ఒంటి కదలికను సరిచేసే దిద్దుబాటు వ్యాయామం నిన్నమొన్నటిది కాదు. 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ విద్యాసంస్థ నెలకొల్పిన లింగ్, వంగిన వెన్నును, వాలిన భుజాలను కదలికలతోనే సరిచేయాలని చూశాడు. ఆ స్వీడిష్ పద్ధతి ఇంగ్లండు బడుల మీదుగా మన బడులకు డ్రిల్లుగా చేరేసరికి దిద్దుబాటు కాస్తా పోయింది, వరస మిగిలింది. 1920లో హారీ బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల తెరిచాడు. 1931లో నిజాం రాజ్యానికి హైదరాబాదులో సొంత ప్రభుత్వ వ్యాయామ కళాశాల వచ్చింది. వాటితో ఆటలు బడి మైదానంలోకి వచ్చాయి గాని, ఆట ఆడే ఒంటిని ముందుగా సిద్ధం చేసే పని మాత్రం రెండు రౌండ్లు పరుగు, చేతులు పైకి కిందికి అన్న దగ్గరే ఆగిపోయింది. మన దగ్గర తొడలకూ పిరుదులకూ బలమిచ్చే బస్కీలు లేకపోలేదు. అవి తాలీంఖానాల్లో మగవాళ్లవి. బడిలో ఆడపిల్లకు దక్కిన బస్కీ గుంజీలే, అదీ శిక్షగా. మోకాలిని కాపాడగల కదలికను అవమానంగా మార్చిన ఈ అలవాటు నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఇక ఆసిఫాబాద్ ఉన్న ఈ అడవి జిల్లా సంగతి. గోండు వీరుడు కొమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగింది 1940లో. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలుపెట్టింది 1943లో. పలకా బలపమే అంత ఆలస్యంగా అందిన చోట ఆడపిల్లకు ఆటస్థలం అందడం ఇంకెంత ఆలస్యమైందో వేరే చెప్పక్కర్లేదు. ఇవాళ అదే ఆసిఫాబాద్‌లో గిరిజన బాలికల కోసం ఆదర్శ క్రీడా పాఠశాల ఉంది. ఇన్నాళ్లకు దొరికిన ఆట ఒక్క మోకాలి దెబ్బతో చేజారకూడదు.

ఆ దెబ్బ ఎలా తగులుతుందో చూద్దాం. తొడ ఎముకనూ కాలి ఎముకనూ లోపల కలిపి పట్టుకునే ఏసీఎల్ లిగమెంటు పొడవు మూడు సెంటీమీటర్ల పైచిలుకు. అది తెగేది చాలావరకు ఎవరూ తాకకుండానే, దిగేటప్పుడో, చటుక్కున పక్కకు తిరిగేటప్పుడో. ఈడొచ్చే వయసులో ఎముకలు గబగబా పొడవు పెరుగుతాయి. మగపిల్లలకు దానితోపాటు కండబలం కూడా పెరుగుతుంది, ఆడపిల్లలకు అంత వేగంగా పెరగదు. దాంతో చాలామంది ఆడపిల్లలు మోకాళ్లు సరిగ్గా వంచకుండా దిగుతారు, మోకాళ్లు రెండూ లోపలికి వాలతాయి. 1996లో అమెరికాలో హ్యూవెట్ బృందం 11 మంది హైస్కూలు వాలీబాల్ అమ్మాయిలకు ఆరు వారాల పాటు దూకడం, మెత్తగా దిగడం నేర్పింది. దిగేటప్పటి గరిష్ఠ తాకిడి 22 శాతం తగ్గింది, మోకాలిని పక్కకు వంచే బలం సగానికి దగ్గరగా పడిపోయింది. 1999లో అదే బృందం అమ్మాయిలు, అబ్బాయిలు కలిపి 1,263 మందిని గమనించింది. శిక్షణ లేని అమ్మాయిలకు, శిక్షణ పొందిన అమ్మాయిలతో పోలిస్తే, తీవ్రమైన మోకాలి గాయాలు 3.6 రెట్లు ఎక్కువగా అయ్యాయి. దీనిమీద ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. శిక్షణ పొందిన 366 మందిలో 185 మంది వాలీబాల్ వాళ్లు, శిక్షణ లేని 463 మందిలో 81 మందే. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ కంటే వాలీబాల్‌లో ఈ గాయాలు తక్కువ కాబట్టి తేడా కొంత ఆట వల్ల కూడా వచ్చి ఉండాలి. ఒప్పుకోవలసిందే. అయితే తర్వాత అనేక పరిశోధనలను కలిపి 2018లో వేసిన లెక్కలో కూడా, ఎవరూ తాకకుండా అయ్యే ఏసీఎల్ గాయాలు శిక్షణతో అమ్మాయిల్లో మూడింట రెండు వంతుల దాకా తగ్గాయి. ఒక్క అధ్యయనం లోపంతో కొట్టిపారేయగల సాక్ష్యం కాదిది.

నాట్లు వేసి, కలుపు తీసి, మైళ్లు నడిచే మన పల్లె పిల్లల కాళ్లు గట్టివి, వాళ్లకివన్నీ ఎందుకంటారు కొందరు. గట్టివే. కానీ గొంతుకూర్చుని చేసే పని నిదానంగా సాగేది. లిగమెంటు తెగేది పాదం నేలకు తాకిన తర్వాత సుమారు సెకనులో ఇరవయ్యో వంతు లోపల. ఆ క్షణంలో కావలసింది అలవాటైన కదలిక, అది బలం ఒక్కదానితో రాదు. పైగా బలమున్న పిల్ల ఎక్కువ ఎత్తుకు ఎగురుతుంది, కాబట్టి ఎక్కువ తాకిడితో దిగుతుంది. ఆడపిల్లలు బలహీనులని చాటినట్టవుతుందన్నది ఇంకో మాట. ఆ భయం ఊరికే పుట్టలేదు, బలహీనులని చెప్పి వాళ్లను ఆటకు దూరం పెట్టారు మరి. అయితే అదే 1996 శిక్షణలో ఆ అమ్మాయిలు ఎగిరే ఎత్తు కూడా సుమారు 10 శాతం పెరిగింది. 1999 లెక్కలో శిక్షణ పొందిన అమ్మాయిల గాయాలు అబ్బాయిల స్థాయికి దగ్గరగా వచ్చాయి. దిగడం నేర్చిన పిల్లను ఆట నుంచి తప్పించడానికి సాకు మిగలదు.

సమయం లేదు, ఫిజియోథెరపిస్టు లేరు అని పీఈటీలు అనడంలో నిజముంది. కానీ ఇది రౌండ్ల పరుగు స్థానంలో చేసే పదిహేను, ఇరవై నిమిషాల పని. సగం బస్కీలు, ఒంటికాలి మీద నిలబడడం, చిన్న గెంతులు గెంతి చప్పుడు కాకుండా దిగి ఆగడం, తొడ వెనక కండరాలకు పని చెప్పడం. సామాను ఏమీ అక్కర్లేదు, మట్టి కోర్టు చాలు. తొక్కుడుబిళ్ళలో గీత తొక్కకుండా ఒంటికాలి మీద ఆగిన పిల్లకు ఇందులో చాలా భాగం తెలిసిందే. వారానికి రెండు మూడుసార్లు, ఆటల కాలమంతా సాగాలి. మానేస్తే ఫలితం కూడా పోతుంది. ఇక తెగిన లిగమెంటుకు ఆపరేషన్ అంటే రెబ్బెన దగ్గరి ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్లో రైలెక్కి పెద్ద ఊరికి పోవాలి. ఆ తర్వాత కోర్టుకు తిరిగి రావడానికి తొమ్మిది నెలలకు పైనే పడుతుంది. పదో తరగతి పిల్లకు అది ఆట వదిలేయడమే.

ఎంపిక పోటీల్లో పిల్ల ఎంత ఎత్తు ఎగిరిందో గోడ మీద సుద్దతో గుర్తు పెట్టి కాగితం మీద రాసుకుంటారు. ఆ కాగితంలోనే పక్కన ఇంకో గడి గీస్తే చాలు. పీఈటీ మేడం పిల్లకు ఎదురుగా నిలబడి, దిగినప్పుడు మోకాళ్లు పాదాల మీదుగా నిలిచాయా, లోపలికి వాలాయా అని చూసి అందులో రాసుకోవచ్చు.