పాలంపేట చెరువు కట్ట మీద

వరంగల్లు చూడవచ్చే మిత్రులకు నేను తరచుగా ఒక సలహా ఇస్తూ ఉంటాను. కోట, వేయిస్తంభాల గుడి చూడటం అయ్యాక మరొక రోజు చేతిలో ఉంచుకొని, ఒక కారు మాట్లాడుకొని, దారీ ఊళ్ళూ తెలిసిన మనిషిని వెంటబెట్టుకొని ములుగు వైపు వెళ్ళమంటాను. గణపురం, పాలంపేట, లక్నవరం, పాకాల - పొద్దున్నే బయలుదేరితే ఈ నాలుగూ చూసుకొని రాత్రి భోజనానికి హనుమకొండ చేరుకోవచ్చు. కిందటి కార్తీకంలో నేనూ మరొకసారి అలా వెళ్ళి వచ్చాను. దారి చూపడానికి వచ్చినాయన ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పంతులు. ఆయన తాతగారు ఆ ప్రాంతంలోనే ఒక చెరువుకు నీరటి. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఇటువంటి యాత్రల ప్రకటనలలో గుళ్ళను చరిత్ర కింద, చెరువులను ప్రకృతి శోభ కింద రాస్తారు. నాకు పేచీ అక్కడే. ఈ నాలుగు చోట్లా మనం చూసే నీటిలో ప్రకృతి సొంతంగా నిలిపి ఉంచినది ఒక్క చుక్క కూడా లేదు. కొండల మధ్య నుంచి జారిపోయే వాగుకు ఎవరో అడ్డుకట్ట వేశారు గనుక అక్కడ జలాశయం ఉన్నది. గుడి ఎంత చారిత్రకమో చెరువూ అంతే. పైగా గుడి శిథిలమైనా నిలుస్తుంది. తెగిన చెరువు మిగలదు.

గణపురం పేరే గణపతిదేవుని (1199-1262) తలపిస్తుంది. అక్కడి కోటగుళ్ళ ప్రాకారంలో చిన్నా పెద్దా కలిసి ఇరవైకి పైగా ఆలయాలున్నాయి. తీరిక ఉన్నవారు అక్కడే ఒక పూట గడపవచ్చు. మేము గంటలో ముగించుకొని పాలంపేట చేరాము.

రామప్ప గుడి గురించి కొత్తగా చెప్పవలసినది తక్కువ. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రుద్రేశ్వరాలయం అది. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన తరువాత నీటిపై తేలే ఇటుకల కథ తెలియని పిల్లవాడు లేడు. రామప్ప అనే శిల్పి పేరు మీద గుడికి ఆ పేరు వచ్చిందన్నది జనం చెప్పుకునే మాట. శాసనం మాత్రం రుద్రుని పేరే చెబుతుంది. ఈ రుద్రుడు రాజు కాదు, కాకతీయుల సేనాని. గణపతిదేవుడు శత్రువుల చెరలో ఉన్న రోజులలో రాజ్యం చెదరకుండా కాపాడినందుకు కాకతీయ రాజ్య స్థాపనాచార్యుడనే బిరుదు పొందినవాడు.

అయితే ఇంత చిన్న పల్లెలో అంత పెద్ద గుడి ఎందుకున్నట్టు? నందిని చూసి బయటికి వచ్చాక పంతులుగారు, "గుడి చూసుడైంది గద సార్, ఇగ గుడికి బువ్వ పెట్టినదాన్ని చూద్దాం, రాండ్రి" అన్నారు. జవాబు ఆ మాటలోనే ఉన్నది. అడవి అంచున చెరువు కట్టారు. చెరువు కింద వరి పండింది. ఆ పంటలో కొంత ఏలినవారికి, కొంత దేవుని దీపానికీ నైవేద్యానికీ వెళ్ళింది. తటాకాన్ని సప్త సంతానాలలో చేర్చిన మన పెద్దలకు పుణ్యమూ పంటా వేరువేరు కావు. కాకతీయ సామంతులూ బంధువులూ పోటీపడి చెరువులు కట్టించారు. పాకాల చెరువు జగదాళ ముమ్మడి కట్టించినది. బయ్యారం చెరువు గణపతిదేవుని చెల్లెలు మైలాంబది. ఆమె అక్కడ వేయించిన శాసనమే కాకతీయుల వంశావళికి ముఖ్యమైన ఆధారాలలో ఒకటి. రాజవంశ చరిత్ర చెరువు దగ్గర దొరకడం వింతేమీ కాదు.

వారి నేర్పు తెలియాలంటే కట్ట మీద నిలబడి రెండు వైపులా చూడాలి. కొండలే గోడలు, వాటి మధ్య సందును మాత్రమే మట్టితో, రాతితో మూశారు. లక్నవరంలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. దాదాపు నూట యాభై ఏళ్ళ తరువాత, 1369లో, కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలనూ, ఆరు దోషాలనూ చెప్పింది. కొండను ఆనుకొని ఉండాలనీ, కట్ట గట్టిదే కాని మరీ పొడవు కారాదనీ అందులో ఉన్నది. ఉన్న నీటికి మించిన ఆయకట్టు దోషం. ఆయకట్టుకు మించిన నీరూ దోషమే. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటం కూడా ఒక దోషమట! మన కాలపు నదీజలాల తగాదాలు చూసిన వారికి ఆ మాట వివరించనక్కరలేదు.

ఇక నీరటి సంగతి. కాకతీయుల కాలంలో చెరువు కట్టించిన వారికి, దాని బాగోగులు చూసే వారికి దశబంధం పేరుతో పంటలో పదో వంతు ఫలం దక్కే ఏర్పాటు ఉండేది. ఊళ్ళో తూము తీసి మూసేవాడు, వంతు ప్రకారం నీరు పంచేవాడు, వానరాత్రి కట్ట వెంట తిరిగి ఎలుక బొక్కలూ ఊటలూ వెదికి పూడ్చేవాడు నీరటి. కల్లంలో రైతులు కొలిచే గింజలే ఆయన జీతం. 1323లో ఓరుగల్లు పడిపోయింది, సామంత వంశాలు చెదిరిపోయాయి. అయినా ఈ చెరువులు పూర్తిగా అడవిపాలు కాలేదంటే నిజాం కాలపు మరమ్మతులతో పాటు ఈ పేరులేని కాపలా కూడా కారణమని నా నమ్మకం. శాసనాలలో కట్టించిన వారి పేర్లే ఉన్నాయి. నీరటి పేరు నాకు ఏ రాతి మీదా కనబడలేదు. కట్ట చివర మైసమ్మ గుడి ముందు పసుపు కుంకుమల జాడలో మాత్రం ఆ భయభక్తులు మిగిలి ఉన్నాయి.

2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకొన్నది. పూడిక తీసి పొలాలకు తరలించడం మంచి పనే. కాని పూడిక ఒక వేసవి పని, కాపలా ఏడాది పొడుగునా ఉండవలసిన పని. ఆ రెండవ దానికి ఊళ్ళో ఇప్పుడు ఎవరు బాధ్యులని అడిగితే పంతులుగారు నవ్వి ఊరుకున్నారు. 2023 జూలైలో పాలంపేట ఉన్న వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో, ఒక్క రోజున 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళు మునిగిపోయాయి. ఎనిమిది వందల ఏళ్ళ రామప్ప కట్ట మాత్రం నిలిచింది. ప్రతిసారీ ఇలాగే నిలుస్తుందని ధీమా పడటానికి నాకు ధైర్యం చాలదు.

లక్నవరంలో వేలాడే వంతెన మీద రద్దీ ఎక్కువ, ఆగింది తక్కువ. మల్లంపల్లి, నర్సంపేటల మీదుగా పాకాల చేరేసరికి పొద్దు వాలింది. పొద్దుటి నుంచి చూసిన నీరంతా గోదావరి వైపు పోయేది. పాకాల నీరు మున్నేరై కృష్ణలో కలుస్తుంది. దారిలో ఎక్కడా పెద్ద కొండ దాటిన గుర్తు లేదు, నది మాత్రం మారిపోయింది.

వెళ్ళదలచిన వారు వానలు వెనుకబట్టాక, మత్తడి ఇంకా దూకుతుండగా వెళ్ళండి. గుడి దగ్గర ఒక గంట తగ్గినా సరే, కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవండి. తూము ఎక్కడుందో అడిగి చూడండి.