చోళ్ళ ఉండ – కరవు నాటి గింజ



క్రిందటి నెల స్త్రీల కూడికలో మేము చోళ్ళ గురించి ఉత్సాహంగా మాట్లాడాం. పిల్లలు బడి నుంచి రాగానే చిప్స్ పాకెట్లు చింపుకుంటున్నారు, వాటికి బదులు చోళ్ళ ఉండలు చేసి పెట్టండి, మన పెద్దలు తిన్న బలమైన తిండి అది అని చెప్పాం. వెనుక వరుసలో కూర్చున్న ఒక ముసలి తల్లి ఊరుకోలేదు.

"అయ్యగారూ, అది మేం ఇష్టపడి తిన్నది కాదు. పగలంతా మోతుబరి కళ్ళంలో వడ్లు తూర్పారబట్టి, ఇంటికొచ్చి చోడంబలి తాగేవాళ్ళం. ఆ రోజులు మళ్ళీ రావాలని ప్రార్థన చెయ్యమంటారా?"

మా దగ్గర జవాబు లేదు. ఆ మాట మనసులో పెట్టుకుని ఈ గింజ చరిత్ర చదివాం. చదివింది మీతో పంచుకుంటున్నాం.

మనం ఉత్తరాంధ్రలో చోళ్ళు అంటాం. రాయలసీమవారు రాగులు అంటారు, తెలంగాణవారు తైదలు అంటారు. పేరు ఏదైనా గింజ ఒక్కటే. దాని పుట్టిల్లు మాత్రం మన దేశం కాదు. తూర్పు ఆఫ్రికాలో, ఇథియోపియా నుంచి ఉగాండా వరకు ఉన్న ఎత్తైన నేలల్లో, సుమారు 5,000 ఏళ్ళ క్రితం మనుషులు దీన్ని సాగుకు తెచ్చుకున్నారని పండితులు చెబుతారు. అక్కడి నుంచి సముద్రం దాటి మన మెట్ట భూములకు, మన్యం కొండలకు వచ్చి స్థిరపడింది. తక్కువ వానకు పండుతుంది. పురుగు పట్టకుండా ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. అందుకే వానలు మొహం చాటేసిన సంవత్సరాల్లో పేదవాడి పాతరలో మిగిలిన ధైర్యం ఇదే.

మరి ఎందుకు పోయింది? కాటన్ దొర ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. గోదావరి డెల్టా వరి మాగాణి అయింది, కరవుల నుంచి తేరుకుంది. ఆ మేలు మరువరానిది. అయితే కాలువ నీరు అందిన చోట తెల్లన్నం గౌరవానికి గుర్తయింది, అందని మెట్ట ఊళ్ళలో చోడి అంబలి పేదరికానికి గుర్తయింది. పెళ్ళికి, పండక్కి వరి. కూలికి చోళ్ళు. తరువాత 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. పేద ఇంట రోజూ తెల్లన్నం ఉడికింది. దాన్ని తప్పుపట్టే హక్కు కడుపు నిండినవాళ్ళకు లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. చోళ్ళు తినాలంటే ఆడవాళ్ళు తెల్లవారుజామునే లేచి తిరగలి తిప్పాలి. బియ్యం వచ్చాక ఆ చేతులకు కాస్త విశ్రాంతి దొరికింది. ఆ తల్లి కోపంలో ఇవన్నీ ఉన్నాయి.

చోళ్ళను అందరూ వదిలేయలేదు. కర్ణాటకలో మండ్య దగ్గర లక్ష్మణయ్య గారు అనే శాస్త్రవేత్త తన జీవితమంతా ఈ గింజకే ఇచ్చారు. మన దేశపు రాగులను ఆఫ్రికా రాగులతో సంకరపరచి ఎక్కువ దిగుబడి ఇచ్చే వంగడాలు తీశారు. ఇండియా, ఆఫ్రికా రెండు పేర్లూ కలిపి వాటికి 'ఇండాఫ్' అని పేరు వచ్చింది. వేల ఏళ్ళ క్రితం విడిపోయిన అన్నదమ్ములు ఒకే పొలంలో కలుసుకున్నట్టు! మన విజయనగరం పరిశోధన కేంద్రంలో కూడా కొత్త రకాలు తీశారు. చివరకు ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఒకప్పుడు దాచుకుని తాగిన అంబలి ఇప్పుడు పట్నం హోటళ్ళలో ఖరీదుకు అమ్ముతున్నారు.

వాక్యంలో కూడా ఇలాంటి తిండి ఒకటి ఉంది. యెహెజ్కేలు 4వ అధ్యాయంలో ప్రవక్త పలు ధాన్యాలు ఒకే పాత్రలో కలిపి రొట్టె చేసుకోవాలి. ఆ జాబితాలో మన తెలుగు అనువాదకులు చోళ్ళు, సజ్జలు అనే మాటలు వాడారు. యెరూషలేములో మన చోళ్ళు పండాయని కాదు, మనకు అర్థం కావాలని మన పొలాల పేర్లు పెట్టారు. ఈనాడు కొందరు దాన్ని ఆరోగ్య రొట్టె అంటారు. అధ్యాయం పూర్తిగా చదివితే అది ముట్టడిలో చిక్కిన పట్టణపు రొట్టె అని తెలుస్తుంది. రోజుకు ఇరవై తులముల తూకం, నీళ్ళు కూడా కొలతే. మన తల్లి తాగిన అంబలికి అది దగ్గరి చుట్టం.

అయితే ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయం ఇంకో దారి చూపిస్తుంది. ఐగుప్తులో పడిన బాధను గుర్తుచేసే పొంగని రొట్టెను విడుదలైన ప్రజలు ఏటేటా పండగ చేసుకుని తినాలి. బాధ మరచిపోయి కాదు, పిల్లలకు చెప్పుకుంటూ తినాలి.

మా తప్పు అక్కడే ఉందని గ్రహించాం. గింజను తెచ్చాం గాని దాని కథను బయటే వదిలేశాం.

కాబట్టి ప్రియులారా, ఇలా చేద్దాం. చోళ్ళు రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలక వచ్చాక ఆరబెట్టి, దోరగా వేయించి మిల్లులో పట్టించండి. వేయించిన వేరుశనగలు, నువ్వులు దంచి, బెల్లం, కాస్త నెయ్యి చేర్చి ఉండ కట్టండి. వంద గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. బియ్యంలో దానిలో పదో వంతు కూడా ఉండదు. పెరిగే ఎముకలకు ఇది మంచిది. షుగరు ఉన్న పెద్దలు మాత్రం బెల్లం ఉండ జోలికి పోకండి, రొట్టె చేసుకోండి. పని ఆడవాళ్ళ మీదే వేయకుండా మగవాళ్ళు, పిల్లలు కూడా ఉండలు కట్టాలి.

ఉండ చేతిలో పెట్టేటప్పుడు ఇంట్లో ఉన్న నాయనమ్మనో అమ్మమ్మనో పక్కన కూర్చోబెట్టండి. ఆమెకు చెప్పాలనిపిస్తే చెప్పనివ్వండి, ఏడుపు వస్తే ఏడవనివ్వండి. తినను అంటే బలవంతం చేయకండి. తెల్లన్నం ఆమె కష్టపడి సంపాదించుకున్న హక్కు.

గత ఆదివారం మేము ఆ తల్లి ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాం. ఆమె నవ్వి, మా అమ్మగారు పంపిన ఉండ తీసుకుని సగం విరిచి మనవడికి ఇచ్చింది. మిగిలిన సగం చాలాసేపు చేతిలోనే పట్టుకుని, తరువాత నోట్లో వేసుకుంది. "బెల్లం అప్పుడు ఉంటే బాగుండేది అయ్యగారూ" అంది.

అనుదినాహారము దయచేయు దేవుడు, ఆకలి చూసిన మన పెద్దలను ఘనపరచే మనసు మనకు ఇచ్చును గాక. ఆమేన్.