రైలు ద్వారా వ్యర్థ పదార్థాల రవాణా

నగరాలలో, పరిశ్రమలలో వెలువడే చెత్త, బూడిద, మురుగు మడ్డి వంటి వాటిని గూడ్సు రైళ్ళలో శుద్ధి కేంద్రాలకు, డంపింగు యార్డులకు లేదా వాటిని ముడిసరుకుగా వాడుకునే కర్మాగారాలకు తరలించడాన్ని రైలు ద్వారా వ్యర్థ పదార్థాల రవాణా అంటారు.

చరిత్ర

భారతదేశంలో ఈ పద్ధతి 19వ శతాబ్దంలోనే మొదలైంది. 1860లలో కలకత్తా పురపాలక సంఘం నగరపు చెత్తను తూర్పున ఉన్న ధాపా పల్లపు నేలలకు చేరవేయడానికి ప్రత్యేక రైలు మార్గాన్ని నిర్మించింది. బొంబాయిలో 1906లో కుర్లా - చెంబూరు మార్గాన్ని చెత్త రైళ్ళ కొరకు వేశారు. వీటిని కచరా రైళ్ళు అనేవారు. 1924 నుండి ఆ మార్గంలో ప్రయాణికుల రైళ్ళు కూడా నడిచాయి.

పద్ధతి

ఇంటింటా సేకరించిన చెత్తను ముందుగా బదిలీ కేంద్రానికి తెచ్చి, యంత్రాలతో అదిమి, మూత గల కంటైనర్లలో నింపుతారు. వాటిని క్రేన్లతో వ్యాగన్లపైకి ఎక్కిస్తారు. ఒక రైలు వందల లారీల పని చేస్తుంది. ఉదాహరణకు, 2020లో ఉత్తర ప్రదేశ్‌లోని రిహంద్ థర్మల్ విద్యుత్కేంద్రం నుండి ఫ్లై యాష్ అనబడే సన్నని బూడిద 3,450 టన్నులు ఒకే రైలులో టికారియా సిమెంటు కర్మాగారానికి వెళ్ళింది. పది టన్నుల లారీలలో పంపితే దీనికి 345 లారీలు కావాలి.

అయితే రెండు చివరలా సైడింగులు ఉండాలి. సరుకును పలుమార్లు ఎక్కించి దింపవలసి ఉంటుంది. అందువలన తక్కువ దూరాలకు ఈ పద్ధతి లాభసాటి కాదు.

హైదరాబాదులో

హైదరాబాదులో ఇంటి చెత్త రవాణా రోడ్డు మార్గంలోనే జరుగుతుంది. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతాలలో ఇళ్ళతో పాటు హాస్టళ్ళు, కోచింగు కేంద్రాలు, హోటళ్ళు ఎక్కువ. ఇటువంటి ప్రాంతాల నుండి చెత్త సేకరణకు 2015లో స్వచ్ఛ ఆటోలను ప్రవేశపెట్టారు. నగరంలోని లోయర్ ట్యాంక్ బండ్ వంటి బదిలీ కేంద్రాల నుండి చెత్తను పెద్ద వాహనాలలో జవహర్‌నగర్ డంపింగు యార్డుకు తరలిస్తారు. 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైన మెట్రో మార్గం చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా వెళ్తుంది గానీ అది ప్రయాణికులకు మాత్రమే ఉద్దేశించినది.

జవహర్‌నగర్ పరిసర వాసులు దుర్వాసన గురించి, చెత్త నుండి కారే మురికి నీటి వలన మల్కారం చెరువు, భూగర్భ జలాలు కలుషితం కావడం గురించి ఏళ్ళ తరబడి ఫిర్యాదు చేశారు. తరువాత పాత చెత్త గుట్టపై మట్టి, ప్లాస్టిక్ పొరలు కప్పారు. 2020లో చెత్త నుండి విద్యుత్తును ఉత్పత్తి చేసే 19.8 మెగావాట్ల కేంద్రం అక్కడ ప్రారంభమైంది.

ఇతర దేశాలలో

అమెరికాలోని సియాటిల్ నగరం 1991 నుండి తన చెత్తను రైలులో ఓరెగాన్ రాష్ట్రంలోని ఆర్లింగ్టన్‌కు పంపుతున్నది. ఇటలీలోని నేపుల్స్ నగరం 2008లో చెత్త సంక్షోభ సమయాన కొంత చెత్తను రైళ్ళలో జర్మనీకి పంపింది.

సమస్యలు

రైలు వలన రహదారులపై రద్దీ, ఇంధన వ్యయం తగ్గుతాయి. కానీ వ్యర్థం మాయం కాదు, మరొక ఊరికి చేరుతుంది. 2018లో న్యూయార్క్ ప్రాంతపు మురుగు మడ్డితో వచ్చిన రైలు అలబామాలోని పారిష్ అనే చిన్న పట్టణంలో సుమారు రెండు నెలలు నిలిచిపోయింది. దుర్గంధం వలన ప్రజలు ఇళ్ళ బయట కూర్చోలేకపోయారు. అందువలన చెత్తను పుట్టిన చోటనే తడి, పొడిగా వేరు చేసి, రవాణా చేయవలసిన పరిమాణాన్ని తగ్గించడం ముఖ్యం.

ఇవి కూడా చూడండి

డంపింగు యార్డు
జవహర్‌నగర్
దక్షిణ మధ్య రైల్వే