గుడ్లగూబ ఉండలు

గుడ్లగూబ మింగిన ఆహారంలో జీర్ణం కాని ఎముకలు, వెంట్రుకలు, పురుగుల పెంకులు పొట్టలో ఉండగా మారి నోటి ద్వారా బయటకు వస్తాయి. ఇవి రెట్టలు కావు.

పరిశీలన

గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి, మిరప చేల గట్లపై గుడ్లగూబలు వాలే చెట్ల క్రింద, పాడుబడిన కట్టడాలలో వీటిని వెదకవచ్చును. చేతులకు తొడుగులు ధరించి, ఉండను నీటిలో నానబెట్టి పటకారుతో విడదీయవలెను. పుర్రెల సంఖ్యను బట్టి అది తిన్న జంతువులను లెక్కించవచ్చును. ఉలి వంటి ముందుపళ్ళు, వాటి వెనుక ఖాళీ ఉన్న దవడ ఎలుక జాతిది. చిన్నదైన పైడికంటె ఉండలలో పేడపురుగులు, మిడతల పెంకులు కూడా కనిపిస్తాయి. వానపాముల వంటి మెత్తని ఆహారం ఆనవాళ్ళు మాత్రం దాదాపు మిగలవు.

ప్రాముఖ్యత

అపశకునమని తరిమివేయబడే ఈ పక్షి రైతుకు చేసే మేలుకు ఈ ఎముకలే సాక్ష్యం. ఎలుకలకు పెట్టే కొన్ని విషపు ఎరలు, వాటిని తిన్న గుడ్లగూబలకు కూడా ప్రాణాంతకం కాగలవు. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ప్రకారం గుడ్లగూబలను వేటాడటం నేరం.