కంభం పలకరాయి వయసెంత? సముద్రపు సూక్ష్మజీవులు చెప్పేది, చెప్పలేనిది

ఈసారి రాజుల చరిత్ర కాదు, మన కాళ్ల కింది రాయి చరిత్ర రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మన కంభం పేరు ప్రపంచంలోని జియాలజీ పుస్తకాల్లో ఉందని మనలో ఎంతమందికి తెలుసు? చెరువు వల్ల కాదు, రాయి వల్ల. మార్కాపురం క్వారీల్లో పలకలుగా చీల్చే రాయి, గిద్దలూరు రైల్లో పోతుంటే కోతల్లో కనిపించే నల్లటి, బూడిదరంగు పొరలు, వీటన్నిటికీ జియాలజిస్టులు పెట్టిన పేరు 'కంభం ఫార్మేషన్'. విలియం కింగ్ అనే బ్రిటిష్ జియాలజిస్టు కడప, కర్నూలు రాళ్ల మీద 1872లో పెద్ద రిపోర్టు అచ్చువేశాడు. ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించింది కూడా ఈయనే. పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణా అని రాళ్లని నాలుగు గుంపులు చేశాడు. అన్నీ మన ఏర్ల పేర్లు, కొండల పేర్లే. రాయి మనది, పేరు మనది, చదువు మాత్రం ఎక్కడో ఉండిపోయింది. అందుకే ఈ పోస్టు.

ముందు అసలు పద్ధతి చూద్దాం. సముద్రంలో ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవులుంటాయి. చాలావరకు ఇసుక రేణువంత, ఇంకా చిన్నవి. వీటిలో ఎక్కువ వాటికి సున్నపు గుల్ల ఉంటుంది. చచ్చాక ఆ గుల్లలు అడుక్కి దిగి బురదలో కలుస్తాయి, కోట్ల ఏళ్లకి ఆ బురదే రాయి అవుతుంది. ఒక్కో జాతి కొంతకాలమే బతికి అంతరిస్తుంది, నీళ్లలో తేలే రకాలైతే సముద్రాలన్నిటా ఒకేలా పరుచుకుంటాయి. అంటే రాయిలో ఏ గుల్ల దొరికిందో చూస్తే ఆ రాయి ఏ కాలానిదో పట్టుకోవచ్చు. పాత నాణెం మీద బొమ్మ చూసి ఏ రాజు కాలమో చెప్పినట్టే. ల్యాబులో రాయిని నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, మైక్రోస్కోపు కింద కుంచెతో ఒక్కో గుల్లనీ ఏరతారు. గుల్లలోని ఆక్సిజన్ ఐసోటోపులు కొలిస్తే అప్పటి నీటి వేడి, ఉప్పదనం కూడా అంచనాకొస్తాయి.

మరి మార్కాపురం పలక తీసుకెళ్లి కడిగితే వయసు తేలుతుందా అంటే, తేలదు. మన రాయి ఏర్పడే నాటికి ఫోరామినిఫెరా ఇంకా పుట్టలేదు. వాటి ఆనవాళ్లు మహా అయితే 54 కోట్ల ఏళ్ల వెనక్కి పోతాయి, నీళ్లలో తేలే రకాలైతే ఇంకా తర్వాతవే. పైగా మన రాయి వేడికీ ఒత్తిడికీ లోనై మడతలు పడింది. అది పలకలుగా చీలేదీ ఆ ఒత్తిడి వల్లే. అలాంటి రాయిలో సున్నితమైన జీవి ఏదైనా మిగలడమే కష్టం.

అందుకని వేరే దారి పట్టారు. బురదతో పాటు కొట్టుకొచ్చిన జిర్కాన్ రేణువుల్లో యురేనియం సీసంగా మారుతూ ఉంటుంది, అదే గడియారం. నల్లమల రాళ్లలోని జిర్కాన్లని కొలిస్తే వాటిలో చిన్నవాటి వయసు సుమారు 166 కోట్ల ఏళ్లు వచ్చింది. రేణువు పుట్టాకే కదా బురదలో చేరేది, కాబట్టి రాయి అంతకంటే పాతది కాదు. రెండో సాక్షి చెలిమ. నంద్యాల గిద్దలూరు రైలు మార్గంలో అడవి మధ్య ఉన్న చెలిమే. అక్కడ లాంప్రోయిట్ అనే లోతునుంచి వచ్చిన రాయి కంభం పొరల్ని చీల్చుకుని పైకొచ్చింది. దాని వయసు దాదాపు 142 కోట్ల ఏళ్లుగా కొలిచారు. చీల్చినదానికంటే చీలినది పాతదై ఉండాలి. ఈ రెంటి మధ్యే మన పలక బురదగా ఉన్న కాలం.

ఆ సముద్రం ఎలా ఉండేది? చేపల్లేవు, నాచు తప్ప మొక్కల్లేవు, ఒడ్డున గడ్డి పరక లేదు. గాల్లో ఆక్సిజన్ ఇప్పటికంటే చాలా తక్కువ. ఉన్నదంతా సూక్ష్మజీవులే. వాటి పనితనం చూడాలంటే కడప వైపు వేంపల్లె రాళ్లు చూడాలి, అవి మన కంభం రాళ్లకంటే ఇంకా పాతవి. ఉల్లిపాయ కోసినట్టు, పొర మీద పొరగా గుండ్రంగా కనిపించే ఆ గుర్తుల్ని స్ట్రొమటోలైట్లు అంటారు. ఎండ తగిలే లోతులేని నీళ్లలో సూక్ష్మజీవుల జిగురు చాపల మీద మట్టి పేరుకుని అవి పెరిగాయి. అంటే అక్కడ సముద్రం లోతు తక్కువ. కంటికి కనపడని జీవి కట్టిన ఇల్లు కంటికి కనపడుతుందన్నమాట.

పడమట కర్నూలు రాళ్లలో కథ ఇంకా తెగలేదు. అవుకు షేల్‌లో ఒబ్రుచెవెల్లా అనే స్ప్రింగులా చుట్టుకున్న సూక్ష్మ శిలాజం దొరికిందని ముకుంద్ శర్మ, యోగమాయ శుక్లా 2012లో రాశారు. దాన్నిబట్టి ఆ రాళ్లు ఎడియకారన్ కాలానివి, అంటే 63 నుంచి 54 కోట్ల ఏళ్ల మధ్యవి కావచ్చన్నారు. ఇంకా చాలా పాతవనే వాదన కూడా ఉంది. మా మటుకు ఒక్క శిలాజం మీద ఇంత బరువు పెట్టడం కష్టమే అనిపిస్తుంది, కానీ వెతికితే దొరుకుతాయని తెలియడమే పెద్ద సంగతి.

ఫోరామినిఫెరా నిజంగా సాక్ష్యం చెప్పింది రాజమండ్రి దగ్గర. గౌరీపట్నం చుట్టుపక్కల క్వారీల్లో రెండు లావా పొరల మధ్య సముద్రపు మట్టి, సున్నపురాయి ఉన్నాయి. ఆ లావా పడమటి కనుమల వైపు నుంచి వందల కిలోమీటర్లు పారి వచ్చిందంటారు. గెర్టా కెల్లర్, సునీల్ బాజ్‌పాయ్ బృందం మధ్య పొరలో ఏరిన గుల్లలు డైనోసార్లు పోయిన వెంటనే వచ్చిన జాతులవి. అంటే కింది లావా 6.6 కోట్ల ఏళ్ల నాటి ఆ వినాశనం దగ్గర్లోనే ఆగింది. 2008లో ఇది అచ్చయింది. డైనోసార్లని చంపింది ఉల్కా, లావానా అన్న గొడవలో మన గోదావరి క్వారీ ఒక ముఖ్య సాక్షి. గొడవ ఇంకా నడుస్తూనే ఉంది.

ఇంకా దగ్గరి కాలానికి వద్దాం, ఎందుకంటే కరువు మనకి కొత్త కాదు. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ గోదావరి ముఖం ఎదుట సముద్రం అడుగున తవ్వి మట్టి కడ్డీలు తీసింది. గ్యాస్ హైడ్రేట్ల కోసం వెళ్లిన ఓడ అది. ఆ మట్టిలోని గుల్లలతో నీటి ఉప్పదనాన్ని, నది మోసుకొచ్చిన ఆకుల మైనంతో గట్టు మీది మొక్కల్ని చదివారు. సుమారు 4000 ఏళ్ల కిందట ఒకసారి, 1700 ఏళ్ల కిందట మరోసారి ఆ పరీవాహకంలో ఎండతట్టుకునే మొక్కలు పెరిగాయని 2012లో తేల్చారు. గుండ్లకమ్మ వేరే ఏరు, నిజమే, కానీ వాన ఇచ్చే రుతుపవనం ఒక్కటే. కంభం చెరువు కట్టినవాళ్లు ఎండిన కాలం తర్వాతి మనుషులు.

ఈ చదువు డబ్బూ, అడవీ, మన ఉనికీ ముడిపడ్డ చదువు. తుమ్మలపల్లి యురేనియం ఉన్నది స్ట్రొమటోలైట్లున్న ఆ వేంపల్లె రాళ్లలోనే. అమ్రాబాద్ వైపు నల్లమలలో యురేనియం వెతుకుతామంటే 2019లో చెంచులు, చుట్టుపక్కల జనం లేచారు, సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. అలాంటి రోజున రిపోర్టు చదివి, ఏ పొరలో ఏముందో, నీళ్లు ఎటు పారతాయో మనోళ్లకి మన మాటల్లో చెప్పే మనిషి మన గూడెంలోనో తండాలోనో ఉండాలి.

ఇంటర్ అయిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, బీఎస్సీలో జియాలజీ ఉన్న కాలేజీలు అడిగి కనుక్కోండి. ఎంఎస్సీ జియాలజీ చేసినవాళ్లకి యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ఉంటుంది, జియలాజికల్ సర్వే ఉద్యోగాలు దాంట్లోవే, ఎస్టీ రిజర్వేషన్ ఉంది. పలక క్వారీలో పని చేసే ఇళ్లవాళ్లకి ఇంకో మాట: ఆ రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్ని తినేస్తుంది, నీళ్లు చల్లి కోయమనండి, ముక్కుకి మాస్కు లేకుండా దిగనివ్వకండి.